ప్రమాదం లేని రోజులు

నీటి శుద్ధి కేంద్రం క్వార్టర్సు,
జూన్ 9

నా ఆఫీసరు తల్లికి,

నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచీ నా కాళ్ళు నేల మీద ఆగడం లేదు. నేను ఒకసారి చదువుకున్నాను. తర్వాత మీ బాబాయిని పక్కన కూచోబెట్టుకుని కుడి చెవిలో గట్టిగా చదవమన్నాను. వాడు అరిచి చదివాడు. క్వార్టర్సు మొత్తానికి వినపడింది. నాకు కావలసిందీ అదే. "అన్నయ్యా, నీ చెవుడు భలే పనికొస్తుందే" అని వాడు నవ్వాడు.

ముప్ఫై ఒక్క కేంద్రాలకి భద్రతా ప్రణాళిక అధికారి నా కూతురు! ఎక్కడ ఎవరికి మాస్కు కావాలి, ఏ గదికి ఏ ఫ్యాను పెట్టాలి, ఏ కాలవలోకి ఏ పాడునీళ్ళు పోకుండా ఆపాలి, దానికి ఏడాదికి ఎంత ఖర్చు పెట్టాలి, అన్నీ నువ్వే రాస్తావట. పంపుల దగ్గర స్పానరు పట్టుకున్న వాడి కూతురు. మీ అమ్మ ఉంటే ఈపాటికి వీధి చివరిదాకా వెళ్ళి చెప్పి వచ్చేది. ఆ పని కూడా నేనే చేసొచ్చాను.

మనం ఏం తక్కువ వాళ్ళం కాదని నీ ఆఫీసులో చెప్పు. గేటు దగ్గర 'ప్రమాదం లేని రోజులు' అనే బోర్డు ఉందే, దాని మీద అంకె ఇవాళ్టికి 4,017. నేను మేస్త్రి ఉద్యోగం నుంచి దిగిపోయి ఐదేళ్ళయినా పొద్దున్నే వెళ్ళి ఆ అంకె మార్చే పని నాదే. కొత్త మేస్త్రి మంచివాడు, వద్దనలేదు. ఏడాదంతా ప్రమాదం లేకపోతే మనిషికో జత బూట్లు ఇచ్చే పద్ధతి తెలుసుగా? వరసగా పదకొండు జతలు. ఇంకే కేంద్రమైనా తీసుకుందేమో అడుగు. దిగిపోయే రోజు నాకిచ్చిన గోడ గడియారం ఇప్పటికీ నిమిషం తప్పదు.

బాబాయి ఇంకా క్లోరిన్ గదిలోనే ఉన్నాడు. జనవరి ఆఖరుకి దిగిపోతాడు. తర్వాత ఇద్దరం నీ దగ్గరికొచ్చి నెల రోజులు తిష్ఠ వేస్తాం, కాస్కో.

ఆ గది వెనకాల చెట్టుకి ఒకవైపు ఆకులన్నీ మాడి రాలిపోయాయి. కొమ్మలు కొట్టించే పని తప్పింది.

ఫోను చెయ్యకు. ముప్ఫై నాలుగేళ్ళు పంపుల పక్కన నిలబడ్డ చెవులివి. నీ గొంతు నాకు పైపులో గాలిలా వినిపిస్తుంది. ఉత్తరమే రాయి. ఉత్తరానికి అరవాల్సిన పని లేదు.

పొంగిపోతున్న
నాన్న


ప్రధాన కార్యాలయం, నాలుగో అంతస్తు,
జూన్ 27

నాన్నా,

నీ ఉత్తరం పక్క సీట్లో ఆవిడకి చదివి వినిపించాను. మీ బాబాయి గొంతు ఇక్కడికి వినపడుతోందమ్మా అంది.

నా గదిలో మూడు బీరువాలు. అన్నిటి నిండా రిజిస్టర్లే. మన కేంద్రం పుస్తకాలు కిందటి వారం తీశాను. నెలనెలా నీ గుండ్రటి అక్షరాలు: 'ప్రమాదాలు లేవు'. చిన్నప్పుడు నా పలక మీద దిద్దించిన అక్షరాలే.

తర్వాత లెక్క వేశాను. ఈ లెక్క నేను రాకముందే కట్టింది, ఈ ఏడాదికి మార్చే అధికారం నాకు లేదు. పదేళ్ళ రిజిస్టరు చూడాలి. ఒక గాయానికి ఒక మార్కు. ఆస్పత్రిలో పెడితే మూడు. గ్యాసో మురుగో బయటికి పోయి చెట్టూ చేపా చస్తే రెండు. ప్రాణం పోతే పది. ఎవరికి ఎక్కువ మార్కులొస్తే వాళ్ళకి ముందు డబ్బు. ఉన్న డబ్బు తొమ్మిది కేంద్రాలకి సరిపోతుంది.

మన కేంద్రానికి సున్నా వచ్చింది నాన్నా. ముప్ఫై ఒకటో స్థానం. చిట్టచివర.

నాకు గుర్తున్నవి కొన్ని ఉన్నాయి. బాబాయి కళ్ళు ఎర్రబడి ఇంటికి రావడం. క్లోరిన్ గదిలోకి వెళ్ళేముందు తడి తువ్వాలు ముక్కుకి కట్టుకోవడం. ఫ్యాను స్విచ్చి గది లోపలే ఉండేది కదా, ఇప్పుడూ అక్కడేనా? గ్యాసు కనిపెట్టే గంట ఏదైనా పెట్టారా?

నువ్వు రాసిన చెట్టు గురించి రెండు రాత్రులు ఆలోచించాను. ఒకవైపే ఎందుకు మాడింది? గది కిటికీ వైపేనా?

నిజంగా ఎవరికీ ఏమీ కాలేదా నాన్నా? దాచిందేమైనా ఉంటే చెప్పు. అప్పటి మేస్త్రి సంతకం చేసి రాసిస్తే రిజిస్టరు సరిదిద్దవచ్చు. ఆగస్టు 31 ఆఖరు తేదీ. నా అంతట నేను మన కేంద్రాన్ని పైకి తేలేను. తండ్రి ఉన్న కేంద్రమని పైకి తెచ్చిందంటారు.

నీ
అమ్మడు


క్వార్టర్సు,
జూలై 3

బంగారు తల్లికి,

ముప్ఫై ఒకటో స్థానమా? నా కడుపు నిండిపోయింది. అంటే ముప్ఫై కేంద్రాలకన్నా మనం భద్రంగా ఉన్నామనేగా? బళ్ళో చివరి ర్యాంకు వస్తే నిన్ను కోప్పడేవాణ్ణి గానీ, దీనికి మిఠాయి పంచాను. ఈ సంగతి కొత్త మేస్త్రికి చెబితే బోర్డు పక్కనే రాయిస్తానన్నాడు.

డబ్బు అవసరమైన వాళ్ళకి పోనీ తల్లీ. మనకెందుకు? బాబాయి ముప్ఫై ఏళ్ళుగా ఆ గదిలో ఉన్నాడు, వాడికి గ్యాసు వాసన మనకి వంటింటి వాసనలాంటిది. తడి తువ్వాలు కట్టుకుంటే చాలు, నీళ్ళు క్లోరినుని పీల్చేస్తాయి. ఇది నేనే కనిపెట్టి అందరికీ నేర్పాను. స్విచ్చి లోపలే ఉంది. లోపలుంటే వానకి తడవదు.

చెట్టుకి తెగులు.

మా రోజుల్లో ఎవరికీ ఏమీ కాలేదు. నా చేత్తో రాసిన పుస్తకం నువ్వే చూశావుగా. బాబాయి గొంతు మాత్రం కాస్త బొంగురుపోయింది, చల్లగాలి. ఇప్పుడు నీ ఉత్తరాలు నా చెవిలో చదవలేకపోతున్నాడు, నేనే చదువుకుంటున్నాను.

ఇవాళ 4,041.

నాన్న


ప్రధాన కార్యాలయం,
ఆగస్టు 6

నాన్నా,

సెలవుల పుస్తకం తెప్పించాను. ప్రమాదాల పుస్తకం పక్కన పెట్టి రెండూ కలిపి చదివాను. ఇంతకుముందు ఎవరూ అలా చదవలేదట, రెండూ వేరే బీరువాల్లో ఉంటాయి.

ఏడేళ్ళ కిందట మార్చి ఆరున ఐదుగురు ఒకేసారి సెలవు పెట్టారు. ఐదుగురూ క్లోరిన్ గదివాళ్ళే. ఐదుగురికీ ఒకటే కారణం, జలుబు. అందులో బాబాయి ఒకడు. తొమ్మిది రోజులు. తొమ్మిది రోజుల జలుబు. ఈ ఐదూ కలిపి ఇలాంటి సెలవులు నీ రాతలో పదకొండు దొరికాయి. కొత్త మేస్త్రి రాతలోనూ ఉన్నాయి. ఆయన కూడా జలుబనే రాశాడు.

ఈ సెలవులు చూపించి అడిగితే మా పెద్దాఫీసరు, జలుబు చేస్తే మనమేం చేస్తాం అంటాడు. నిన్న నవ్వుతూ, మీ నాన్నగారి కేంద్రం మేలిమి బంగారమమ్మా, అక్కడ మనకి పైసా ఖర్చు లేదు అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

బూట్ల కోసమేనా నాన్నా? ఒకడు గాయం చెబితే అందరి బూట్లూ పోతాయని భయమా? కాళ్ళకి బూట్లు రావాలని ఊపిరితిత్తులు దాచారు. ఆ బూట్లు మీ హక్కు. బహుమానం కాదు.

ఒక్క కాగితం చాలు. తేదీ, మనిషి, ఏం జరిగింది, కింద నీ సంతకం. గంట, గాలి సిలిండరుతో ఉండే మాస్కులు రెండు, నేలకి దగ్గరగా ఒక ఫ్యాను, బయట స్విచ్చి. క్లోరిన్ బరువైన గ్యాసు, నేల మీద పాకుతుంది. మన ఫ్యాను కప్పు దగ్గర తిరుగుతుంది. ఇది నాకన్నా నీకే బాగా తెలుసు.

ఇంకా ఇరవై ఐదు రోజులుంది.

అమ్మడు


క్వార్టర్సు,
ఆగస్టు 24

అమ్మడూ,

నీ తెలివికి మురిసిపోయాను. రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టి చదవాలని ఎవరికి తోస్తుంది? నా కూతురికి తోచింది. ఉత్తరం మడతపెట్టి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఎవరికీ చూపించలేదనుకో.

కానీ ఆ కాగితం నేను రాయను తల్లీ. కోప్పడకు. మేస్త్రి దొంగ లెక్కలు రాశాడని ఫైలెక్కితే, ఆఫీసరు తండ్రి అబద్ధాలకోరని నీ పక్క సీట్లో ఆవిడే అంటుంది. నీకిది మొదటి ఏడాది. ఇన్నాళ్ళూ నా మాట నమ్మి సెలవు పెట్టుకున్న వాళ్ళ మొహం ఎలా చూడను? బాబాయికి జనవరిలో సన్మానం ఉంది. ఈ ఐదు నెలలూ నెట్టేస్తే వాడు బయటపడతాడు. తర్వాత వచ్చేవాళ్ళ సంగతి నువ్వు చూద్దువు.

జలుబే తల్లీ అది. గ్యాసు తగిలితే ముక్కు కారుతుంది, కళ్ళు కారుతాయి. జలుబంటే అదేగా.

నాన్న


ప్రధాన కార్యాలయం,
సెప్టెంబరు 12

నాన్నా,

జాబితా మీద సంతకాలయ్యాయి. తొమ్మిది కేంద్రాల్లో మనది లేదు.

వేరే పార్సిల్లో ఒక మాస్కు పంపాను. నా జీతంలోంచి కొన్నది, దీనికి ఏ ఫైలూ లేదు. ముందు గుండ్రంగా ఉన్న డబ్బా గ్యాసుని వడకడుతుంది. చిన్న లీకు అయితే బయటపడేదాకా కాపాడుతుంది. గది తలుపు పక్కన, బయట, మేకుకి తగిలించమను. లోపల కాదు.

బాబాయి గొంతు ఎలా ఉంది?

అమ్మడు


క్వార్టర్సు,
నవంబరు 17

తల్లీ,

నువ్వు బాబాయిని సాగనంపడానికి వచ్చి నాలుగు రోజులుండి వెళ్ళావు. ఇద్దరం ఒక గదిలోనే ఉన్నాం. నువ్వు ఏమీ అడగలేదు. అడిగితే నా చెవుల కోసం గట్టిగా అడగాలి, అందరికీ వినపడుతుందని ఊరుకున్నావని నాకు తెలుసు. అందుకని ఉత్తరంలో చెబుతున్నాను.

తొమ్మిదో తారీఖు పొద్దున్న నేను బోర్డు దగ్గర 4,170 వేస్తున్నాను. ఆఖరి సున్నా రంగు ఇంకా తడిగానే ఉంది. గది వైపు నుంచి ఒకడు పరిగెత్తుకొచ్చి ఏదో అంటున్నాడు, నాకు వినపడలేదు. వాడి నోరు చూస్తే తెలిసింది.

సిలిండరు వాల్వు దగ్గర లీకు. బాబాయి తువ్వాలు తడిపి కట్టుకుని లోపలికి వెళ్ళాడు. ముందు స్విచ్చి వేశాడు. ఫ్యాను తిరిగింది, కప్పు దగ్గర. తర్వాత వంగి వాల్వు కట్టాడు. పూర్తిగా కట్టాడు తల్లీ, పని సగంలో వదిలి రాలేదు. లేచి గుమ్మం దాకా వచ్చి, అలసిపోయిన వాడిలా కూచున్నాడు. నేను వెళ్ళేసరికి కళ్ళు తెరిచే ఉన్నాడు. "అన్నయ్యా, కట్టేశాను" అన్నాడు. నా కుడి చెవి వైపు తిరిగి అన్నాడు. అంబులెన్సు వచ్చేలోపే అయిపోయింది.

నువ్వు పంపిన మాస్కు మేకుకి లేదు. నా బీరువాలో ఉంది. బూట్ల తనిఖీ డిసెంబర్లో ఉంటుంది. మాస్కు వేలాడుతుంటే, ఇదెందుకు, గ్యాసు వస్తోందా అని అడుగుతారని నేనే తీయించాను. తనిఖీ అయ్యాక పెట్టుకో అన్నాను. వాడు నా మాట ఎప్పుడు కాదన్నాడు గనక? ఒక్కసారే అన్నాడు. ఆగస్టులో నీ ఉత్తరం చదివి, "అన్నయ్యా, అమ్మాయి అడిగింది కదా, రాసి ఇచ్చెయ్యరాదూ" అన్నాడు. వాడికి ఉత్తరం చూపించిన సంగతీ, వాడన్న మాటా నీకు రాయలేదు.

మధ్యాహ్నం కొత్త మేస్త్రీ, చిన్న ఇంజనీరూ ఇంటికొచ్చారు. బాబాయి ఇంకా వరండాలోనే ఉన్నాడు. ఒక కాగితం తెచ్చారు. తెల్లవారుజామున ఇంట్లో గుండెనొప్పితో పోయాడని టైపు చేసి ఉంది. సొంత అన్న సంతకం ఉంటే ఎవరూ ఏమీ అడగరట.

"ఇంట్లో పోలేదు" అన్నాను.

"మాకు తెలీదా మేస్త్రిగారూ? మీరు నేర్పిన పద్ధతే కదండీ" అన్నాడు కొత్త మేస్త్రి. ఎగతాళికి అనలేదు. మర్యాదగా, పెద్దవాళ్ళతో అన్నట్టే అన్నాడు. పెన్ను మూత తీసి మరీ నా చేతికిచ్చాడు.

ఆ పెన్నుతోనే రాశాను. కాగితం తిరగేసి, వెనకాల తెల్లగా ఉన్న వైపు. ఏడేళ్ళ కిందటి మార్చి ఆరు దగ్గర మొదలుపెట్టాను. తేదీలు ఒక్కటీ మర్చిపోలేదు తల్లీ. ఎక్కడా రాసుకోలేదు, అన్నీ తల్లో ఉన్నాయి. స్థలం చాలక ఇంకో రెండు కాగితాలు తీసుకున్నాను. వాళ్ళు వెళ్ళిపోయారు, నేను రాస్తూనే ఉన్నాను. నువ్వు గుమ్మంలో దిగేసరికి నేను రాస్తున్నది అదే. పాడె సామాను లెక్క అనుకున్నావు.

మూడు కాగితాలూ ఇందులో పెట్టాను. చెట్టు సంగతి కూడా ఉంది. కిటికీ వైపే మాడింది. రెండుసార్లు.

కింద నా సంతకం.

నాన్న


ప్రధాన కార్యాలయం,
జనవరి 22

నాన్నా,

నీ కాగితాలు ఫైల్లో పెట్టాను. నువ్వు రాసిన వాళ్ళందరినీ పిలిపించి అడిగారు. ఒకరిద్దరు తప్ప అందరూ ఔనన్నారు. సరిదిద్దిన జాబితా కిందటి వారం వచ్చింది.

మన కేంద్రం మొదటి స్థానంలో ఉంది.

గాయాలు పన్నెండు. ఆస్పత్రి పాలైన వాళ్ళు నలుగురు. చెట్టు రెండుసార్లు. ఒక ప్రాణం. మొత్తం ముప్ఫై ఎనిమిది. రెండో కేంద్రానికి ఇరవై రెండే.

ఇది రాయాలా వద్దా అని మూడు రోజులు ఆగాను. నువ్వు నాకన్నీ రాశావు, నేను దాచకూడదు. బాబాయి పది తీసేసినా మనకి ఇరవై ఎనిమిది. బాబాయి లేకుండానే మొదటి స్థానం వచ్చేది నాన్నా. ఆగస్టులోనే వచ్చేది.

తప్పు నీ ఒక్కడిదని మాత్రం నేను రాయలేదు. గాయం దాస్తే బూట్లిచ్చే పద్ధతి పెట్టింది ఈ నాలుగో అంతస్తే. ప్రమాదం చెప్పుకోని వాళ్ళని చివరికి తోసే లెక్క కట్టిందీ ఇక్కడే. జాబితా మీద సంతకం నాది. బూట్ల పద్ధతి ఎత్తేశారు. ఇకనుంచి అందరికీ బూట్లు బడ్జెట్లోంచే వస్తాయి.

గోడ గడియారం వెనక్కివ్వాలి. నీ పెన్షన్లో పదో వంతు రెండేళ్ళు కోస్తారు. ఆ నోటు నేనే రాయాల్సి వచ్చింది. ఇంకొకరికి ఇవ్వమంటే ఇచ్చేవారు. నేనే రాశాను.

మనుషులు వచ్చే వారం వస్తారు. స్విచ్చి ఎక్కడ పెట్టాలో నువ్వు దగ్గరుండి చూపించు.

అమ్మడు


క్వార్టర్సు,
ఫిబ్రవరి 20

నా ఆఫీసరు తల్లికి,

గడియారం దింపి పంపాను. గోడ మీద గుండ్రంగా తెల్లటి మచ్చ మిగిలింది. టైము చూడాలని దాని వైపే చూస్తున్నాను ఇంకా.

నీ ఇరవై ఎనిమిది చదివాను. చాలాసార్లు చదివాను. దాచకుండా రాసినందుకు నీ మీద కోపం లేదు.

స్విచ్చి బయట పెట్టారు, గుమ్మానికి కుడి పక్క, బాబాయి చెయ్యి అందే ఎత్తులో. ఎంత ఎత్తని వాళ్ళడిగితే నా చెయ్యి దానంతటదే అక్కడ ఆగింది. ఫ్యాను నేల దగ్గర తిరుగుతోంది. గంట మోగించి చూపించారు. నాకే వినపడింది తల్లీ, ఇంక ఎవరికి వినపడదు?

బోర్డు మీద 4,170 నవంబరు నుంచీ అలాగే ఉండిపోయింది. ఎవరూ ముట్టుకోలేదు. పన్నెండో తారీఖున గోకి సున్నా వేశాను. కొత్త మేస్త్రి ఎదురు రాలేదు, రంగు డబ్బా పట్టుకుని పక్కన నిలబడ్డాడు. ఇప్పుడు అంకె వేసేముందు గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కణ్ణీ అడుగుతున్నాను, నిన్న ఏమైనా అయిందా అని. ఏం లేదు మేస్త్రిగారూ అంటారు, చేతులు జేబుల్లో పెట్టుకుని. ఒకటి వేశాను, రెండు వేశాను. ఏడు దాకా వచ్చింది. రోజూ భయంగానే వేశాను.

ఇవాళ పొద్దున్న పంపుల దగ్గరి కుర్ర ఫిట్టరు వరసలోంచి బయటికొచ్చాడు. జేబులోంచి చెయ్యి తీశాడు. బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. నిన్న సాయంత్రం పైపులు కలిపే ఫ్లాంజి కింద నలిగిందట. చెప్పాలా వద్దా అని రాత్రంతా ఆలోచించాడట. అందరూ వాడి వైపు చూశారు, తర్వాత నా వైపు చూశారు.

వాడి పేరూ తేదీ రిజిస్టరులో రాయించాను. జలుబు అని కాదు. వేలు నలిగింది అని.

ఎనిమిది వెయ్యాల్సిన చోట మళ్ళీ సున్నా వేశాను తల్లీ. కాళ్ళు నేల మీద ఆగడం లేదు.

నాన్న